ఆంగ్లమున ‘నీవు’ ఏమైనది?

ఇంగ్లీషు భాషలో మన్నన లేదని, తండ్రినైనను తాతనైనను నౌకరునైనను కుక్కపిల్లనైనను ఒక్క ‘యూ’ అను మాటతోనే పిలుతురని, అందుచేత ఆ భాష నేర్చిన పిల్లలకు పెద్దచిన్న తారతమ్యము తెలియకుండ పోవుచున్నదని మన యిండ్లలో పెద్దలు చెప్పుచుండగా నేను చిన్ననాటినుండి వినుచున్నాను. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని ఆ నిజము వారు చూపిన దిక్కున లేదు. ‘యూ’ అనగా నీవు అని మన బడిపుస్తకములు మొదటి పుటలోనే అర్థము వ్రాసిపెట్టినవి. భాషాచరిత్ర నడిగినచో అది చెప్పు సమాధానము వేఱు: ‘యూ’ అనగా మీరు. ఆంగ్లేయుడు తన కుక్కపిల్లను సైతము మీరనియే పిలుచుచున్నాడు. అతని నోటినుండి జారిపోయినది నీవు అను మాట.

ఈ సంగతి నాకు మొట్టమొదట ఒక సందేహముగా ఎదురైనది. ‘ఈజ్’ ఏకవచనమునకును ‘ఆర్’ బహువచనమునకును వచ్చునని పలకమీద వ్రాయించిన మాస్టారే మఱునాడు ‘యూ ఆర్ ఏ బాయ్’ అని చదివించిరి. బాలుడొక్కడే గదా, ‘ఆర్’ ఎట్లు వచ్చినదని అడిగితిని. “అది అంతేరా, బట్టీ పట్టు” అనిరి. ఆయన చెప్పినట్లే బట్టీ పట్టితిని గాని, ఆ ప్రశ్న మాత్రము కాలిలో విఱిగిన ముల్లువలె చాలకాలము లోపలనే ఉండిపోయినది. మనము ఒక్క పండితుని యెదుట నిలిచి ‘మీరు వచ్చినారు’ అని ఇద్దరు ముగ్గురు వచ్చినట్లు బహువచనక్రియను ఎట్లు వాడుదుమో, ‘యూ ఆర్’ అనునదియు అట్టి మన్నన మాటయే యని, ఆ మన్నన అందఱికిని పంచియిచ్చుటచే దాని రుచి నాలుకకు తెలియకుండ పోయినదని బోధపడుటకు నాకు ఇంకను పదునైదేండ్లు పట్టినది.

ఆంగ్లేయులు ‘సెకండ్ పర్సన్’ అనుదానిని మనము మధ్యమపురుష మందుము. మాటాడువాని యెదుట నిలిచి వినువారు, ఒక్కరైనను పలువురైనను, ఈ పురుషకు చెందుదురు. లెక్కలో మాత్రము ఒక చిక్కు కలదు. డయొనీసియస్ థ్రాక్స్ మొదలైన గ్రీకు వైయాకరణుల సంప్రదాయము మాటాడువానిని మొదటివానిగను, వినువానిని రెండవవానిగను, వారి మాటలలోనికి వచ్చు పరోక్షవ్యక్తిని మూడవవానిగను ఎంచినది. లాటినును దాని వెనుక ఆంగ్లమును ఆ లెక్కనే పట్టుకొన్నవి. పాణినీయులది దీనికి తలక్రిందులైన లెక్క: వారికి ‘వాడు’ ప్రథమపురుష, ‘నేను’ ఉత్తమపురుష. ‘ఫస్ట్ పర్సన్’ అనగా ప్రథమపురుషయే కాబోలునని వ్రాసి మార్కులు పోగొట్టుకొన్న తెలుగు విద్యార్థులు ప్రతి తరమునందును కలరు. ఎటునుండి లెక్కించినను తన చోటు కదలక నడుమ నిలిచినది మధ్యమపురుష ఒక్కటే. గ్రీకులు పురుష అను అర్థమున వాడిన మాటకు ముఖమనియు, నాటకమునందు పాత్రధారి తొడుగుకొను కృత్రిమముఖమనియు అర్థములు గలవు. ఇది నాకు మిక్కిలి యింపైన భావము. సంభాషణమున ఒకడు మాట ముగించి రెండవవాడు అందుకొన్నంతనే, నేను అనినవాడు నీవగును, నీవనిపించుకొన్నవాడు నేనగును. వేషములు క్షణక్షణము చేతులు మారుచుండును.

వేయి సంవత్సరములనాటి ఆంగ్లమున ఈ వేషమునకు ఒక్క పేరు గాక పెక్కు పేర్లుండెను. ఒక్కని పిలుచుటకు ‘దౌ’ అను మాటయొక్క పూర్వరూపము, ఇద్దఱిని పిలుచుటకు ‘యిట్’ అను ద్వివచనము, పలువురను పిలుచుటకు ‘యీ’ అను మాటయొక్క పూర్వరూపము వాడుకలో నుండెను. సంస్కృతము చదివినవారికి ఇది వింతగా తోపదు: త్వమ్, యువామ్, యూయమ్ అని వారు వల్లించినదే యిది. పోలిక యాదృచ్ఛికమును గాదు. దౌ అనునది త్వమ్ అనుదానికిని, యీ అనునది యూయమ్ అనుదానికిని ఒక్క తల్లివేరునుండి వచ్చిన తోబుట్టువులు. వీనిలో ద్వివచనము 13వ శతాబ్దము గడచునాటికి అంతరించినది. తెలుగువారము ద్వివచనము నెన్నడు నెఱుగనివారము గనుక ఆ లోటు మనకు అంతగా పట్టదు.

ఇక ఇప్పటి ‘యూ’ అనునది ఆనాడు కర్త స్థానమున నిలుచు మాటయే కాదు. ‘యీ’ అనగా మీరు, ‘యూ’ అనగా మిమ్ము. మీరు వచ్చితిరి అనుటకు యీ, మిమ్ము చూచితిని అనుటకు యూ. 16వ శతాబ్దమున జనుల నోట ఈ రెండును కలగలసి, మెల్లమెల్లగా మిమ్ము అను మాట వచ్చి మీరు అను మాట పీటమీద కూర్చున్నది. మన భాషలో ఎవరైన ‘మిమ్మును ఎప్పుడు వచ్చినారు?’ అని అడిగినచో చెవి ఎంత చివుక్కుమనునో, ఆనాటి వృద్ధులకు ‘యూ’ కర్తయగుట అంత చివుక్కుమని యుండును. నేడు ఆ తప్పే వ్యాకరణము. ఇంగ్లండులో కొన్ని పాతకాలపు అంగళ్ల బల్లలమీద ‘యీ ఓల్డ్’ అని కనబడు మాటలోని ‘యీ’ మాత్రము ఇది కాదని ఇచ్చట చెప్పవలసియున్నది. అది ‘ద’ అను మాటయే. పూర్వాంగ్లమున ఆ ధ్వనికి ప్రత్యేకముగ నొక అక్షరముండగా, తొలినాటి ముద్రాపకులయొద్ద ఆ అచ్చు లేనందున, చూపునకు దగ్గఱగానున్న ‘వై’ అక్షరమును దాని బదులు పెట్టుచుండిరి. తరువాతివారు అచ్చును చూచి ఉచ్చారణమును మఱచిరి.

పలువురకు చెందవలసిన మాట ఒక్కనికి మన్ననగా ఎట్లు మాఱినదను ప్రశ్న మిగిలినది. ఈ అలవాటు లాటినులో, రోమక చక్రవర్తులను బహువచనమున సంబోధించుటతో మొదలైనదని భాషావేత్తలు చెప్పుదురు. చక్రవర్తి తన్ను తాను మేము అని చెప్పుకొనును గనుక, ఎదుటివారు ఆయనను మీరు అనుట సహజముగ తోచియుండవచ్చును. ఆ మర్యాద ఫ్రెంచి భాషకు దిగినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, ఫ్రెంచి మాటాడు ప్రభువుల కొలువులనుండి అది ఆంగ్లమునకును పాకి, 13వ శతాబ్దమునుండి ప్రభువును, తండ్రిని, అపరిచితుడైన పెద్దమనిషిని ‘యీ’, ‘యూ’ అనుటయు, సేవకుని, బిడ్డను, ప్రాణమిత్రుని, దైవమును ‘దౌ’ అనుటయు వాడుకయైనది. రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అను పండితులు 1960లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ వ్యాసమున, ఈ సర్వనామముల వాడుకను అధికారము, సాన్నిహిత్యము అను రెండు సూత్రములతో వివరించిరి. పైవాడు క్రిందివానిని నీవని, క్రిందివాడు పైవానిని మీరని పలుకుట అధికారసూత్రము. సములైనవారు చనువు కొలది ఇరువురును నీవు అనుకొనుటయో, చనువు లేమిచే ఇరువురును మీరు అనుకొనుటయో సాన్నిహిత్యసూత్రము. ఈ వ్యాసము చదువుచున్నప్పుడు తెలుగువానికి తన యింటి వసారాలోనే కూర్చున్నట్లుండును.

షేక్‌స్పియర్ కాలమునకు ఈ రెండు మాటల నడుమనున్న దూరము కత్తి యంచువలె పదునుగ నుండెను. హామ్లెట్ నాటకము మూడవ అంకమున రాణి తన అంతఃపురమునకు కుమారుని పిలిపించి, నీ తండ్రి మనసు మిక్కిలి నొప్పించితివని మందలించును. తండ్రి యనగా ఆమె ఉద్దేశము మాఱుటితండ్రి. ఆమె వాడిన మాట దౌ: కన్నతల్లి చనువు. హామ్లెట్ ఆ వాక్యమునే త్రిప్పి, మీరు నా తండ్రి మనసు మిక్కిలి నొప్పించితిరని బదులిచ్చును. అతని తండ్రి యనగా హతుడైన తండ్రి. అతడు వాడిన మాట యూ. మఱుక్షణమున తల్లియు దౌ విడిచి యూ అనుటతో, కన్నబిడ్డ పరాయివాడైనట్లు మన చెవికే వినబడును. మూడు వాక్యములలో సర్వనామము రెండుమాఱులు చేసిన పనిని చేయుటకు మఱియొక రచయితకు పుట లెన్నియో కావలసియుండును. నేటి ఆంగ్ల ప్రేక్షకునికి ఈ తేడా వినబడుట లేదు. రెండును అతనికి ఒక్కటే, ఒకటి క్రొత్తది, ఒకటి పాతది. తెలుగు ప్రేక్షకునికి ఇది చెప్పకయే తెలియును. ఈ ఒక్క చోట మనము షేక్‌స్పియరునకు అతని దేశస్థులకంటె దగ్గఱవారమని నేను నిస్సంకోచముగ చెప్పగలను.

అనురాగమునకు పనికివచ్చిన మాటయే అవమానమునకును పనికివచ్చినది. 1603 నవంబరులో, లండనున మహమ్మారి చెలరేగినందున వించెస్టరు పట్టణమున జరిగిన న్యాయవిచారణలో, రాజద్రోహ మారోపింపబడిన సర్ వాల్టర్ రాలీని ప్రభుత్వపక్షపు న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ నిండుసభలో దౌ అని సంబోధించెను. సంబోధించుటయే గాక, నిన్ను నేను నీవనుచున్నానని ఆ మాటనే క్రియగా మార్చి మఱియు నొక్కి పలికెను. రాణి యెలిజబెత్తు కొలువున వెలిగిన వీరునికి, నావికునికి, కవికి ఆ ఒక్క అక్షరము చెంపపెట్టు. ఇంచుమించు ఆ కాలముననే షేక్‌స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’ నాటకమున, ద్వంద్వయుద్ధమునకు పిలుపులేఖ వ్రాయబోవువానికి స్నేహితుడొకడు, శత్రువును మూడుమాఱులైనను దౌ అని వ్రాయుమని బోధించును. మన పల్లెలలో తగవు ముదురునపుడు మొట్టమొదట మారునది సర్వనామమే గదా! ‘మీరు’ అనుచున్నవాడు ‘నువ్వు’ అన్నంతనే చుట్టునున్నవారు ఇక చేతులు లేచునని గ్రహింతురు.

ఇట్టి కాలమున ఒక మనిషి లేచి, రాజైనను న్యాయాధిపతియైనను ఎదుట నున్నవాడు ఒక్కడైనచో వానిని ఏకవచనముననే పిలువవలెనని, ఒక్కని పలువురనుట అబద్ధమనియు, ఆ అబద్ధము అహంకారమునకు ఎత్తు నైవేద్యమనియు చాటెను. ఆయన జార్జి ఫాక్సు. 1624లో పుట్టి, ఫ్రెండ్సు లేక క్వేకర్లను మతశాఖను నెలకొల్పినవాడు. క్వేకర్లు ఏ ప్రభువు నెదుటను టోపీ తీయలేదు, ఏ ప్రభువును యూ అనలేదు. అందులకు వారు తిన్న దెబ్బలకును, చెఱసాలలో గడపిన దినములకును లెక్క లేదు. కొడుకు దౌ అన్నందుకు తండ్రులు, కూలివాడు దౌ అన్నందుకు యజమానులు మండిపడిరి. 1660లో ఫాక్సు, జాన్ స్టబ్స్, బెంజమిన్ ఫర్లీ అనువారితో కలసి, పెక్కు భాషలలోని ఏకవచన బహువచనములను పట్టికలుగ చూపుచు ఒక గ్రంథము ప్రకటించి, దానికి పిల్లల అక్షరాభ్యాసపు పలక పేరు పెట్టెను. ఇది పండితులకును ఉపాధ్యాయులకును ఏకవచనము నేర్పు పలక యని ఆయన భావము. ఒక సర్వనామముకొఱకు మనుష్యులు చెఱసాలకు పోయిన చరిత్ర నేనెఱిగినంతలో మఱియొకటి లేదు. నేను వారి మతమువాడను గాను, మీరు అనుట అబద్ధమనియు అనుకొనను. కాని మాటకు అంత విలువ కట్టిన ఆ జనులను తలచినప్పుడెల్ల నాకు నమస్కరింప బుద్ధిపుట్టును.

అయినను కాలము వారి పక్షమున నిలువలేదు. నగరములు పెరిగి, వీధిలో ఎదురైనవాని అంతస్తు ఆనవాలు పట్టుట కష్టమైన కొలది, తక్కువచేసి తప్పుపడుటకంటె ఎక్కువచేసి బ్రదుకుట మేలని జనులు అందఱిని యూ అనసాగిరి. 17వ శతాబ్దాంతమునకు లండను నాగరిక సంభాషణమున దౌ దాదాపు మాయమైనది. సమత్వమును కోరిన ఫాక్సు అందఱిని నీవు అను మెట్టుకు దింపజూచెను; చరిత్ర అందఱిని మీరు అను మెట్టుకు ఎక్కించి, సమత్వమును మఱియొక దారిని నెఱవేర్చినది. మధ్యలో కొంతకాలము ఒక్కనిని పిలుచునపుడు ‘యూ వాజ్’ అని ఏకవచనక్రియను చేర్చి లోటు పూడ్చుకొను ప్రయత్నము జరిగినది గాని, 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణమున దానిని తప్పని త్రోసిపుచ్చెను. నా చిన్ననాటి ‘ఆర్’ ముల్లునకు మూలమచ్చట కలదు.

దౌ పూర్తిగ చావలేదు. యార్క్‌షైరు మొదలైన ఉత్తర ప్రాంతముల గ్రామీణులు దానిని ‘దా’ అను రూపమున నిలుపుకొనిరి. దేవాలయములలో ప్రార్థనలయందు అది నిలిచినది. ఇచ్చటనే ఒక చిత్రమైన తలక్రిందులు జరిగినది. నిత్యజీవితమున ఎన్నడును వినక, దేవుని యెదుట మాత్రమే విన్న మాట గనుక, దౌ అనునది మహాగౌరవవాచకమని నేటి ఆంగ్లేయులు పెక్కుమంది భ్రమింతురు. భక్తుడు దేవుని ఆ మాటతో పిలిచినది గౌరవాధిక్యముచేత కాదు. కన్నతల్లిని పిలిచినట్లు, లోకములో మఱెవ్వరితోను లేని చనువుచేత పిలిచినాడు. మనకు దీని నెవ్వరును బోధింపనక్కఱలేదు. త్యాగరాజస్వామియు, భద్రాచల రామదాసును రాముని మీరని పిలిచినచో ఎట్లుండునో ఒక్కసారి ఊహించుకొన్న చాలును. మన కవిత్రయ భారతమునందును రాజులను, మునులను ఏకవచనముననే పలుకరింతురు. మన మీరు గూడ మన్ననలోనికి తరువాత వచ్చినదే. తెలంగాణపు పల్లెలలో పెద్దవారినైనను ఆప్యాయముగ నువ్వు అను వాడుకను విని సర్కారు జిల్లాలవారు కొందఱు నొచ్చుకొనుట నేను చూచితిని. అది అమర్యాద కాదు, పాత చనువు.

నీవు పోవుటచే ఆంగ్లమునకు కలిగిన నష్టము మన్ననలో కంటె లెక్కలో ఎక్కువ. 1611లో వెలువడిన బైబిలు అనువాదమున దౌ, యీ, యూ అనువానిని మూలమునందలి ఏకవచన బహువచనముల ననుసరించి జాగ్రత్తగ పాటించిరి. లూకా సువార్త 22వ అధ్యాయమున యేసు సీమోనుతో మాటాడుచు, సాతాను మిమ్ము జల్లింప కోరుచున్నాడనియు, నేను నీకొఱకు ప్రార్థించితిననియు చెప్పును. ఆపద శిష్యులందఱిది, ప్రార్థన ఆ ఒక్కనికొఱకు. నేటి ఆంగ్లమున రెండు చోట్లను యూ అని వ్రాసినచో ఈ భేదము కంటికి కనబడదు. తెలుగు బైబిలు చదువరికి కనబడును. భాష తన లోటును తాను పూడ్చుకొనక మానదు గనుక, అమెరికా దక్షిణ రాష్ట్రములవారు ‘యాల్’ అనియు, పిట్స్‌బర్గువారు ‘యింజ్’ అనియు, ఐర్లండు, లివర్‌పూల్, ఆస్ట్రేలియా జనులలో కొందఱు ‘యూజ్’ అనియు, మఱికొందఱు ‘యూ గైస్’ అనియు బహువచనమును మరల కల్పించుకొనిరి. పండితులు వీనిని మోటుమాట లందురు. నాకు మాత్రము ఇవి తెగిన వ్రేలిచోట మొలచిన చిగురులు.

మన్నన సంగతి వేఱు. సర్వనామము ఆ బరువు మోయుట మానివేయగా, ఆంగ్లము దానిని క్రియలమీదికి ఎత్తినది. మనము రా, రండి, దయచేయండి, వేంచేయండి అని నాలుగు మెట్లు కట్టినచోట, వారికి ‘కమ్’ ఒక్కటే. కాని ‘కుడ్ యూ’, ‘వుడ్ యూ’ అని భూతకాలపు రూపమును అడ్డము పెట్టి, ఆజ్ఞను ప్రశ్నగా మెత్తపఱతురు. అందఱికిని వర్తించు మాటను గూడ వారు యూ అనియే చెప్పుదురు. ఎండలో తిరిగితే తలనొప్పి వచ్చునని మనము కర్త లేకయే చెప్పుదానిని, వారు తఱచుగ యూ అను కర్తను పెట్టియే చెప్పుదురు. దీని నెఱుగని అనువాదకులు ‘మీరు ఎండలో తిరిగితే మీకు తలనొప్పి వస్తుంది’ అని వ్రాయుచున్నారు. మందుసీసాలతో వచ్చు కాగితములును, యంత్రములతో వచ్చు సూచనలును చూడుడు, వాక్యమునకొక మీరు, మీరునకొక మీ. తెలుగు ఊపిరి ఆడక పోవునది ఇట్టిచోట్లనే.

అనువాదకుని అసలు పరీక్ష కథలలో కలదు. జేన్ ఆస్టెన్ 1813లో ప్రకటించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలలో ఎలిజబెత్తును డార్సీయును మొదటి కలహమునుండి తుది అంగీకారమువఱకు ఒకరినొకరు యూ అనియే పిలుచుకొందురు. తెనుగుచేయువాడు మొదటి సంభాషణముననే చిక్కుపడును. అపరిచితులు గనుక ఇరువురును మీరు అనవలెను, సరియే. కాని వారి మనసులు కలసిన పిమ్మట? డార్సీ నీవు అని, ఎలిజబెత్తు మీరు అని పలుకుట మన నవలల అలవాటు, మన తాతముత్తాతల యింటి అలవాటు. అట్లు వ్రాసిన మఱుక్షణమున, ఐశ్వర్యవంతుని మొగముమీదనే కాదని చెప్పగలిగిన ఆ పిల్ల, ఆస్టెన్ కూర్చుండబెట్టిన సమానాసనమునుండి ఒక మెట్టు దిగిపోవును. డార్సీ తల్లికి తోబుట్టువైన లేడీ కాథరిన్ ఆమెను బెదరింప వచ్చిన ఘట్టమున ఇది మఱియు కఠినము. ఆ గర్విష్ఠ మన భాషలో నువ్వు అనక మానదు, ఎలిజబెత్తు మీరు అనక మానదు. ఆంగ్లమున మాత్రము వయసు, ధనము, బిరుదము అన్నియు ఒక ప్రక్కనుండగా, సర్వనామమొక్కటి ఇరువురకును సమానముగ నిలిచి ఆ పిల్ల వెన్ను కాచుచున్నది. నేనైనచో డార్సీ చేత చివరివఱకు మీరనిపింతును. చెవికి కొంత బిగువుగ నున్నను, ఆ బిగువు ఆ కథదే.

మొన్న వేసవిలో మా పొరుగింటికి డాలసునుండి ఏడేండ్ల మనుమడు వచ్చినాడు. తెలుగు బాగుగనే మాటాడును. వచ్చిన నాటి సాయంకాలమే అరుగుమీద కూర్చున్న తాతను “తాతా, నువ్వు అమెరికా ఎప్పుడొస్తావు?” అని అడిగెను. లోపలినుండి తండ్రి, “నువ్వు కాదురా, తాతగారిని మీరు అనాలి” అని దిద్దినాడు. పెద్దాయన “పోనీలేరా, ఆ పిలుపే బాగుంది” అనుచుండగనే, బాలుడు పాఠము నేర్చికొన్నవాని గాంభీర్యముతో తలయూపి మెట్లు దిగినాడు. ముంగిట పడుకొన్న కుక్కపిల్ల తోక ఊపుచు లేచినది. వాడు దాని ముందు గొంతుకూర్చుండి, తల నిమురుచు, “మీరు అన్నం తిన్నారా?” అని అడిగినాడు.